లిస్బన్ తర్వాత ఎటు వెళ్ళాలి: ఉత్తరమా, కోయింబ్రా వైపా, అలెంతేజుకా?

పోర్చుగల్ వెళ్తున్నాం, ఎనిమిది రోజులున్నాయి, ఏమేం చూడాలి అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. లిస్బన్‌కి రెండు రోజులు ఇవ్వండి, మిగతా ఆరు రోజులూ ఒకే ప్రాంతంలో ఉండండి. దేశం పై నుంచి కింద దాకా దాదాపు 560 కిలోమీటర్లే, మ్యాప్ చూస్తే అంతా చుట్టేయొచ్చు అనిపిస్తుంది. కానీ లిస్బన్, పోర్టో, అల్గార్వ్ బీచ్ అని పరిగెత్తితే సగం పొద్దు పెట్టెలు సర్దడానికే పోతుంది, మూడు ఊళ్ళలోనూ అవే పాష్టెల్ ద నాటాలు (గుడ్డు కస్టర్డ్ నింపిన చిన్న స్వీట్లు) తిని వచ్చేస్తారు. ఆ దేశంలో రొట్టె మారిందంటే ప్రాంతం మారినట్టే. ఉత్తరాన మొక్కజొన్న పిండి కలిపి చేసే బరువైన బ్రోవా, దక్షిణాన అలెంతేజులో గట్టి పెచ్చు ఉన్న గోధుమ రొట్టె. రొట్టెతో పాటే సూపు, మట్టి పని, పాట, పండగ అన్నీ మారతాయి. అది తెలియాలంటే ఒకచోట నాలుగు పూటలు కూర్చుని తినాలి.

నేను ఉత్తరానికి అమ్మానాన్నలతో వెళ్ళాను, అలెంతేజుకి మేమిద్దరమే కారు తీసుకుని వెళ్ళాం, కోయింబ్రా వైపు ఇంకోసారి నాలుగు రోజులు తిరిగాం. కాబట్టి మూడింటిలో ఏది ఎవరికి సరిపోతుందో తిరిగి చూసిన మనిషిగానే చెప్తున్నాను. తొందరలో ఉన్నవాళ్ళకి ముందే చెప్పేస్తాను: పెద్దవాళ్ళు వెంట ఉండి, కారు నడపనంటే ఉత్తరం. కారు ఉండి, ఏప్రిల్, మేలో గానీ అక్టోబర్‌లో గానీ వెళ్తుంటే కళ్ళు మూసుకుని అలెంతేజు. చరిత్ర, కట్టడాలు, స్వీట్లు ముఖ్యం, చేతిలో నాలుగు రోజులే ఉన్నాయంటే కోయింబ్రా వైపు.

ఉత్తరం: పోర్టో, మిన్యు, దోరో లోయ

ఉత్తరంలో పెద్ద సుఖం రైళ్ళు. పోర్టోలో ఒకే గదిలో ఆరు రాత్రులు ఉండి, పొద్దున్నే లోకల్ రైలెక్కితే బ్రాగా, గిమరైష్ రెండూ గంటా గంటంబావులో వచ్చేస్తాయి, సాయంత్రానికి తిరిగి రావొచ్చు. రైలు బయల్దేరే సావ్ బెంతు స్టేషన్‌కి ఒక అరగంట ముందు వెళ్ళండి, ఎందుకంటే ఆ హాలే ఒక మ్యూజియం. పాత సన్యాసినుల మఠం ఉన్న జాగాలో కట్టిన స్టేషన్ అది, 1916లో తెరిచారు, గోడల నిండా జోర్జ్ కొలాసు చిత్రించిన సుమారు 20,000 అజులేజు పలకలు, అంటే మెరిసే పూత పూసి కాల్చిన మట్టి పలకలు ఉన్నాయి. యుద్ధాలు, రాజుల ఊరేగింపులు, పల్లె పండగలు, ద్రాక్ష కోతలు అన్నీ ఆ నీలి రంగులోనే. అజులేజు అన్న మాట చాలామంది అనుకున్నట్టు 'అజుల్' అంటే నీలం నుంచి రాలేదు, నున్నటి చిన్న రాయి అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచి వచ్చింది. అందుకే లిస్బన్, ఎవోరా వైపు పాత గుళ్ళలో పచ్చ, పసుపు, తెలుపు పలకలు కూడా కనిపిస్తాయి.

తిండి సంగతికొస్తే, మన ఇళ్ళలో పెద్దవాళ్ళు "అన్నం దొరుకుతుందా" అని అడుగుతారు కదా, దొరుకుతుంది. యూరప్‌లో తలసరి లెక్కన అన్నం అందరికంటే ఎక్కువ తినేది పోర్చుగీసువాళ్ళే. ఉత్తరంలో టమాటా అన్నం, చిక్కుడు గింజల అన్నం బాగా జారుగా, చెంచాతో తినేలా చేస్తారు, దాన్ని మలాంద్రిన్యు అంటారు. మా నాన్న నాలుగు రోజులు వరసగా అదే తిన్నారు. కాల్దు వెర్ద్ అని ఆకుకూరను దారాల్లా సన్నగా తరిగి బంగాళదుంప గుజ్జులో వేసే సూపు ఉంటుంది, ఎంత చిన్న హోటల్‌కి వెళ్ళినా దొరుకుతుంది, కానీ అందులో చివర పంది సాసేజి ముక్క ఒకటి వేస్తారు. తీసేయమంటే తీసేస్తారు గానీ ఒక్కోచోట ఆ సాసేజి ముందే సూపులో ఉడికి ఉంటుంది, శాకాహారులు అది అడిగి తీరాలి.

మాంసం తినేవాళ్ళకి పోర్టో వంట అంటే త్రిపాష్, అంటే పశువు పేగులు, తెల్ల చిక్కుళ్ళతో ఉడికించింది. 1415లో ఉత్తర ఆఫ్రికాలోని సెవుటా మీదికి వెళ్ళే ఓడలకి ఊళ్ళోవాళ్ళు మంచి మాంసమంతా ఇచ్చేసి పేగులే తమకి ఉంచుకున్నారని కథ, పోర్టోవాళ్ళని ఇప్పటికీ 'త్రిపైరు' అనే పిలుస్తారు, వాళ్ళు దాన్ని గౌరవంగానే తీసుకుంటారు. టూరిస్టులంతా ఎగబడే ఫ్రాన్సెజిన్యా, అంటే రొట్టె, మూడు నాలుగు రకాల మాంసం, పైన ఛీజు, బీరు వేసిన సాసు, అది ఒక్కసారి రుచి చూస్తే చాలు. దానికోసం గంట క్యూలో నిలబడటం నాకైతే నచ్చదు.

చేతిపని చూడాలనుకుంటే గురువారం బార్సెలుష్ వెళ్ళండి, ఆ రోజు ఊరి మధ్య మైదానంలో పెద్ద సంత జరుగుతుంది. కోళ్ళు, కూరగాయలు, బుట్టలు, ఆ పక్కనే మట్టి బొమ్మలు. రంగురంగుల కోడిపుంజు బొమ్మ దేశమంతా ఫ్రిజ్ మాగ్నెట్‌గా అమ్ముతారు గానీ, బార్సెలుష్ మట్టి పని అంటే కోడిపుంజు ఒక్కటే కాదు. రోజా రమాల్యు అని ఆ పక్క ఊళ్ళో ఒకావిడ ఉండేది, 1888లో పుట్టింది, చిన్నప్పుడు మట్టి బొమ్మలు చేసి, మిల్లు నడిపే మనిషిని పెళ్ళాడి దాదాపు 50 ఏళ్ళు ఆ పని ముట్టకుండా ఉండి, భర్త పోయాక ముసలితనంలో మళ్ళీ మట్టి చేతిలోకి తీసుకుంది. ఆవిడ చేసిన వింత జంతువులు, కొమ్ముల మనుషులు, సాధువులు చూసి దేశమంతా ఆశ్చర్యపోయింది. 1977లో చనిపోయింది, మనవరాలు ఆ పని కొనసాగించింది. సంతలో ఒకే మూసలో పోసిన బొమ్మలు వద్దు, కుమ్మరి పేరు అడుగున చెక్కి ఉన్న బొమ్మ అడిగి కొనండి, ధర కొంచెం ఎక్కువైనా సరే.

అలాగే వియానా దు కష్తేలు వైపు బంగారు తీగ పని. సన్నటి తీగను మెలితిప్పి గుండె ఆకారంలో అల్లే లాకెట్లు. కరీంనగర్ వెండి తీగ పని చూసిన కళ్ళకి అది వెంటనే ఆనుతుంది, పని దాదాపు అదే. మా అమ్మ దుకాణంలో ఆ గుండెని చేతిలో పెట్టుకుని తీగ ఎక్కడ కలిసిందో వెతుకుతూ పావుగంట కూర్చుంది. తీగ లాగే పని ఎక్కువగా పోర్టో పక్కనున్న గొందొమార్, బ్రాగా దగ్గరున్న పోవువా ద లన్యోసు ఊళ్ళలో జరుగుతుంది, వియానా ఆడవాళ్ళు ఆగస్టు పండగలో ఆ నగలు ఒంటినిండా వేసుకుని ఊరేగడం వల్ల వియానా పేరు వచ్చింది. ఆ పండగ ఆగస్టు 20 ప్రాంతంలో వస్తుంది, గదులు చాలా ముందే అయిపోతాయి.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బ్రాగాలో బొం జెజుష్ గుడి మెట్లు చూసి భయపడనక్కర్లేదు. ఐదు వందలకి పైగా మెట్లు నిజమే, కానీ పక్కనే 1882 నాటి చిన్న రైలు బండి ఉంది, పైనున్న బండిలో నీళ్ళు నింపితే ఆ బరువుకి అది దిగుతూ కింది బండిని పైకి లాగుతుంది. ఇప్పటికీ అదే పద్ధతి.

దోరో లోయకి ఒక రోజు పెట్టండి. పోర్టో నుంచి పిన్యావ్ దాకా రైలు రెండున్నర గంటలు, వెళ్ళేటప్పుడు కుడి పక్క కిటికీ దగ్గర కూర్చుంటే నది పక్కనే వస్తుంది. కొండలకి మెట్లు మెట్లుగా రాతి గోడలు కట్టి ద్రాక్ష పెంచుతారు, ఆ ప్రాంతానికి 1756లోనే ప్రభుత్వం సరిహద్దులు గీసింది. ఆ వైన్ పోర్టో ఎదురొడ్డున గాయాలోని గిడ్డంగులకి వచ్చి సుమారు 550 లీటర్ల చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంటుంది. పీపా అని ఊరికే అనలేదు, వాళ్ళూ 'పిపా' అనే అంటారు, మనకి ఆ మాట ఇచ్చింది వాళ్ళే. మేస్త్రి, బొత్తాం, తువ్వాలు, ఇస్త్రీ కూడా అలా వచ్చినవే.

ఉత్తరంతో ఇబ్బంది వాన. నవంబర్ నుంచి మార్చి దాకా గొడుగు లేకుండా కదల్లేరు. పోర్టో వీధులు ఏటవాలు, వానలో ఆ రాళ్ళు జారతాయి. రెండో ఇబ్బంది జనం, జులై, ఆగస్టుల్లో నది ఒడ్డున నడవడానికే కష్టంగా ఉంటుంది. మే, జూన్ మంచివి, జూన్ 23 రాత్రి సావ్ జువావ్ పండగకి ఊరంతా వీధుల్లో సార్డిన్ చేపలు కాల్చుకుని, ప్లాస్టిక్ సుత్తులతో ఒకరి నెత్తి మీద ఒకరు కొట్టుకుంటూ తెల్లవార్లూ తిరుగుతారు.

అలెంతేజు: నాకు అన్నింటికంటే ఇష్టమైనది

ఇది పక్షపాతం అనుకున్నా పర్వాలేదు. లిస్బన్ నుంచి ఎవోరాకి రైలు గంటన్నర, కానీ ఎవోరా దాటి పల్లెలు చూడాలంటే కారు కావాలి, బస్సులు ఉన్నా రోజుకి కొన్నే. కారు లేకుండా అలెంతేజు ఎంచుకోవద్దని గట్టిగా చెప్తాను. జులై, ఆగస్టుల్లో ఎండ 40 డిగ్రీలకి పోతుంది, మన రామగుండం ఎండ చూసినవాళ్ళకైనా సెలవుల్లో అక్కడికి వెళ్ళి మధ్యాహ్నమంతా గదిలో కూర్చోవడం దండగ.

ఇక్కడి వంట తెలుగువాళ్ళ నాలుకకి దగ్గర. యూరప్‌లో కొత్తిమీరని ఇంతగా వాడే చోటు ఇంకోటి నేను చూడలేదు. అసోర్డా అనే వంటకం చూడండి: వెల్లుల్లి, కొత్తిమీర, రాళ్ళ ఉప్పు రోట్లో దంచి, ఆలివ్ నూనె పోసి, మరిగే నీళ్ళు పోసి, అందులో పాత రొట్టె ముక్కలు వేసి, పైన నీళ్ళలో ఉడికించిన గుడ్డు పెడతారు. అంతే, వేరే ఏమీ లేదు. గిన్నె మీద ఆవిరి తగిలినప్పుడు వచ్చే ఆ వాసన మన వంటింటి వాసనే. పెద్ద పెద్ద భూస్వాముల ఎస్టేట్లలో రోజుకూలీకి గోధుమ పండించిన జనం, వాళ్ళ దగ్గర ఉన్నది ఎండిన రొట్టె, చేలగట్ల మీద దొరికే ఆకులు, ఆలివ్ నూనె. వాటితోనే ఇంత వంట కట్టారు. మిగాష్ కూడా రొట్టె వంటే, నానబెట్టిన రొట్టెని వెల్లుల్లి, కొవ్వులో ముద్దగా వేయిస్తారు. ఎర్ర మిరపకాయలని ఉప్పులో ఊరబెట్టి రుబ్బిన ముద్ద ఒకటి మాంసానికి పట్టిస్తారు, చూడటానికి అచ్చం మన పండుమిరప పచ్చడి, కారం మాత్రం ఉండదు. అసలు మిరపకాయ మన దేశానికి చేర్చింది పోర్చుగీసు ఓడలే, మనం దాన్ని కారం చేసుకున్నాం, వాళ్ళు తియ్యటి మిరపతో ఆగిపోయారు.

శాకాహారులకి ఒక జాగ్రత్త. అసోర్డా చాలాచోట్ల కాడ్ చేప ఉడికించిన నీళ్ళతో చేస్తారు. ఎవోరాలో ఒక హోటల్‌లో మేము "చేప వద్దు" అని చెప్తే చేప ముక్క తీసేసి అదే నీళ్ళతో చేసి తెచ్చారు, తిన్నాక తెలిసింది. అందుకే "సెం పైష్" అంటే చేప లేకుండా అని చెప్పి ఊరుకోకండి, వట్టి నీళ్ళతో చేస్తారా అని ప్రత్యేకంగా అడగండి. సంతోషించే విషయం ఇంకోటి ఉంది: సెర్పా, ఎవోరా గొర్రెపాల ఛీజుల్ని పశువుల పొట్టలోంచి తీసే రెనెట్‌తో కాకుండా కార్దు అనే ముళ్ళ మొక్క పువ్వు నానబెట్టిన నీళ్ళతో తోడు వేస్తారు. రెనెట్ వల్ల ఛీజు మానేసినవాళ్ళు ఇవి నిశ్చింతగా తినొచ్చు, నడిమి ప్రాంతంలో సెర్రా ద ఎష్ట్రేలా ఛీజు కూడా ఇలాంటిదే.

కళల విషయంలో అలెంతేజుకి సాటి లేదు. శనివారం పొద్దున ఎష్ట్రెమోష్ ఊరి చౌకులో సంత, ఛీజులు, ఆలివ్‌లు, పాత ఇనుప సామాను. ఆ ఊరి మట్టి బొమ్మలకి 2017లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మూస లేదు, మట్టిని బిళ్ళగా, ఉండగా, పొడుగు కణికగా చేసి ముక్కలు అతికిస్తారు, కాల్చాక రంగులు వేస్తారు. కళ్ళకు గంతలు కట్టిన అమ్మాయి బొమ్మ, 'ప్రేమ గుడ్డిది' అని పేరు, అది ప్రతి వర్క్‌షాపులోనూ ఉంటుంది, ఏ ఇద్దరు చేసిందీ ఒకేలా ఉండదు. 20వ శతాబ్దం మొదట్లో ఈ విద్య దాదాపు పోయింది. 1930ల్లో ఆ ఊరి బడిలో పనిచేసిన ఒక శిల్పి, బొమ్మలు చేయడం తెలిసిన ఒక ముసలావిడని వెతికి పట్టుకుని మళ్ళీ చేయించాడు. ఇప్పుడు మీరు కొనే బొమ్మ వెనక ఆవిడ చేతులున్నాయి. వర్క్‌షాపుల్లో కూర్చుని చూడనిస్తారు, తొందరపడకండి.

అర్రయోలుష్ తివాచీలు కూడా చూడాలి. అవి నేసినవి కావు, గుడ్డ మీద ఉన్నితో కుట్టినవి, పారశీక పూల డిజైన్లు వాటిలోకి వచ్చాయి. మన ఏలూరు తివాచీలకీ పారశీకమే మూలం, కాబట్టి ఆ పువ్వులు, తీగలు ఎక్కడో చూసినట్టే ఉంటాయి. మొంసరాష్ కోట కింద సావ్ పెద్రు దు కుర్వాల్ ఊళ్ళో వరసగా కుమ్మరి ఇళ్ళు, సారె ముందు మనిషి కనిపిస్తాడు. ఇంకా కింద విలా ద ఫ్రాద్ష్ వైపు మనిషంత ఎత్తు మట్టి గాబుల్లో వైన్ పులియబెట్టి నవంబర్ 11న తెరుస్తారు, రోమన్ల కాలం నుంచి వచ్చిన పద్ధతి. దారి పొడుగునా కార్క్ చెట్లు, తొమ్మిదేళ్ళకి ఒకసారి గొడ్డలితో బెరడు తీస్తారు, ఏ ఏడు తీశారో గుర్తుకి మానుమీద తెల్ల రంగుతో ఆఖరి అంకె వేస్తారు. 4 అని ఉంటే 2024, మళ్ళీ 2033 దాకా ఆ చెట్టుని ముట్టరు.

ఎవోరాలో ఎముకల గుడి, రోమన్ గుడి అందరూ చూస్తారు. నేను చెప్పేది జెసూట్ అనే క్రైస్తవ పాదిరీల పాత కాలేజీ, 1559లో మొదలైంది, ఇప్పుడు యూనివర్సిటీ. ఒక్కో తరగతి గదిలో అక్కడ చెప్పే పాఠానికి తగ్గ బొమ్మలతో అజులేజు పలకలు ఉన్నాయి, క్లాసు లేనప్పుడు లోపలికి చూడనిస్తారు. ఊరికి కాస్త దూరంలో అల్మెంద్రెష్ రాళ్ళు, సుమారు 95 నిలువు రాళ్ళు కార్క్ చెట్ల మధ్య గుంపుగా, వేల ఏళ్ళ నాటివి, పొద్దున్నే వెళ్తే మీరొక్కరే ఉంటారు.

ఇక పాట. కాంతె అలెంతేజానులో వాయిద్యం ఉండదు, ఒకరు ఎత్తుకుంటారు, ఇంకొకరు హెచ్చు గొంతుతో అందుకుంటారు, తర్వాత గుంపంతా కలుస్తుంది, మన నాట్ల పాటలు విన్నవాళ్ళకి ఆ అందుకోవడం కొత్తగా ఉండదు. 2014లో యునెస్కో జాబితాలో చేరింది. దీనికి టికెట్ షోలు వెతకొద్దు, సెర్పా, కూబా లాంటి ఊళ్ళలో సాయంత్రం తవెర్నాలో, అంటే చిన్న వైన్ కొట్టులో కూర్చోండి, రాత్రి భోజనం అయ్యాక పక్క టేబుల్ వాళ్ళు మొదలుపెట్టినా పెట్టొచ్చు. మేము రెండు రాత్రులు కూర్చుంటే ఒక రాత్రి పాడారు.

కోయింబ్రా వైపు

తక్కువ రోజులున్నవాళ్ళకి మంచి ఎంపిక. లిస్బన్, పోర్టో మధ్య పెద్ద రైలు మార్గం మీదే ఉంది. యూనివర్సిటీ 1290లో మొదలై, 1537 నుంచి కోయింబ్రాలోనే ఉంది. జువానినా లైబ్రరీకి టైం స్లాట్ ముందే తీసుకోండి, అక్కడ పుస్తకాలు తినే పురుగుల్ని గబ్బిలాలు పట్టుకుంటాయి, వాటి రెట్టలు పడకుండా రాత్రి బల్లల మీద తోలు కప్పుతారు. మషాదు ద కాష్త్రు మ్యూజియంలో యూక్లిడ్ రేఖాగణితం బొమ్మలున్న పలకలు ఉన్నాయి, పిల్లలుంటే తప్పక చూపించండి.

తిండిలో నా ఓటు స్వీట్లకే. తెంతూగల్ అనే చిన్న ఊళ్ళో పిండిని గది నేలంతా గుడ్డ పరిచి దాని మీద సాగదీస్తారు, వెనక ఉన్నది కనిపించేంత పలచగా అయ్యాక కోసి లోపల గుడ్డు పచ్చసొన పాకం పెట్టి చుట్టి కాలుస్తారు. కొరికితే పొరలు పొరలుగా రాలిపోతుంది, ఆత్రేయపురం పూతరేకులు గుర్తు రాకుండా ఉండవు. అవైరులో అదే పచ్చసొన పాకాన్ని చేప, గవ్వ ఆకారాల పలచటి పొరలో పోసి ఇస్తారు. కాన్వెంటు సన్యాసినులు గుడ్డు తెల్లసొనని బట్టలకి గంజిలా వాడేవాళ్ళని, మిగిలిన పచ్చసొనతో ఈ స్వీట్లు పుట్టాయని అక్కడ చెప్తారు. ఒక హెచ్చరిక: బ్రాగా వైపు ఆబాద్ ద ప్రిష్కుష్ పుడ్డింగులో పంది కొవ్వు పడుతుంది, స్వీటే కదా అని అడక్కుండా తినొద్దు.

మాంసప్రియులకి మట్టి కుండలో ఎర్ర వైన్ పోసి కట్టెల పొయ్యిలో గంటల తరబడి ఉడికించే మేక కూర షంఫానా. అల్కొబాసా మఠంలో వంటిల్లు చూడండి, కప్పు దాకా లేచిన పొగగొట్టం, నదిలోంచి తెచ్చిన నీటి కాలువ లోపలే పారుతుంది. పింగాణీ ఇష్టమైతే ఈల్యవులో 1824 నుంచి నడుస్తున్న విష్తా అలెగ్రె కంపెనీ మ్యూజియం ఉంది. చేతిపని చేస్తుండగా చూసే అవకాశం మాత్రం ఈ ప్రాంతంలో నాకు తక్కువే దొరికింది.

అల్గార్వ్ బీచ్ కోసం అయితే సరే, మీరు తిండి, కళల కోసం వెళ్తుంటే దానికి రోజులు పెట్టకండి. అసోరెష్ దీవులు వేరే ప్రయాణంగా పెట్టుకోండి.

ఎక్కడికెళ్ళినా పనికొచ్చేవి కొన్ని. కూర్చోగానే రొట్టె, ఆలివ్‌లు తెచ్చి పెడతారు, తింటే బిల్లు వేస్తారు, వద్దంటే తీసుకెళ్ళిపోతారు, ఎవరూ ఏమీ అనుకోరు. "మేయా దోజ్" అంటే సగం ప్లేటు, అది ఒకరికి ఎక్కువే. మధ్యాహ్నం మూడు దాటితే పల్లెల్లో వంటిళ్ళు మూసేస్తారు. మ్యూజియాలు చాలావరకు సోమవారం సెలవు. శాకాహారులు బీన్స్ బజ్జీలు అడగండి, పేరు మాత్రం "పైషిన్యుష్ ద ఓర్తా", తోటలోని చిట్టి చేపలు అని అర్థం, చేప ఉండదు. థాంక్స్ చెప్పేటప్పుడు మగవాళ్ళు ఒబ్రిగాదు, ఆడవాళ్ళు ఒబ్రిగాదా.

2027లో వెళ్ళేవాళ్ళు నా లెక్క కొంచెం మార్చుకోవచ్చు. ఆ ఏడు ఎవోరా యూరప్ సాంస్కృతిక రాజధాని. అదే ఏడు వేసవిలో, కోయింబ్రాకి దక్షిణాన ఉన్న తొమార్‌లో నాలుగేళ్ళకోసారి జరిగే తబులైరుష్ పండగ వస్తుంది, అమ్మాయిలు తమంత ఎత్తు రొట్టెల దొంతరని పువ్వులతో అలంకరించి తల మీద మోస్తూ నడుస్తారు. ఆ పండగకి వెళ్తే తొమార్‌లో రెండు రాత్రులు, కోయింబ్రాలో మూడు పెట్టుకుని, అలెంతేజుని ఆ ఏడు అక్టోబర్‌కో మరో ఏడాదికో వాయిదా వేయండి. తొమార్ చిన్న ఊరు, గదులు మాత్రం ఇప్పుడే చూసుకోండి.